లౌస్ట్ చెప్పిన చోటు

దగ్గరకు జరగండి. కాఫీ కప్పులు కింద పెట్టండి. వెనక బల్ల మీదున్న అమ్మాయిలూ, మీరూ ముందుకు రండి. ప్రభువు మందిరంలో కూర్చుని కల్పించి చెప్పను.

మా తూబొరోన్ రేవు జాలరులకు ఒక అలవాటుంది. చేపలు పడే చోటు ఎవరడిగినా తప్పుగానే చెబుతాం. అన్న తమ్ముడికైనా నిజం చెప్పడు. అది పాపమని మా పాస్టరు కూడా అనడు, ఆయన తండ్రీ జాలరే మరి.

సముద్రంలో గాలిమరలు నాటడానికి కంపెనీవాళ్లు వచ్చినప్పుడు మమ్మల్ని పిలిచి పటం పరిచారు. మునిగిన పడవలు ఎక్కడున్నాయో చూపిస్తే అక్కడ మరను నిలబెట్టే ఉక్కు గొట్టం దించబోమన్నారు. ఇసుకలో కూరుకుపోయినవి వాళ్ల యంత్రాలకు అందవట. మా ఊరి జాలరి తోగర్, అతని ముగ్గురు మనుషులు పడవతో సహా ఎక్కడ మునిగారో చూసినవాడు మా అక్క మొగుడు లౌస్ట్ ఒక్కడే. బావ పటం మీద వేలు పెట్టాడు. తోగర్ భార్య గున్వర్ వదిన వంగి, ఆ చోటును ముద్దు పెట్టుకుంది.

గొట్టం దించే రోజు బావ పడవకే కాపలా పని ఇచ్చారు. నేనూ ఎక్కాను. మిట్టమధ్యాహ్నం పొగమంచు దిగింది. గొట్టాన్ని కొట్టి దించే సుత్తి ఓడ పక్కనే ఉన్నా కనబడలేదు.

"తోగర్ ఉన్నది ఇక్కడేరా," అని బావ గొణిగాడు.

"మరి పటం మీద చూపించింది?"

"అక్కడ నా చేపలున్నాయి."

వైర్‌లెస్‌లో చెప్పి ఆపించమని బతిమాలాను. చచ్చినోళ్లకి నొప్పేంట్రా తిక్కలోడా అన్నాడు.

సుత్తి దెబ్బ పడింది. మళ్లీ పడింది. మాది ఇనప పడవ. అయినా తడిసిన చెక్క వాసన, పాత తారు వాసన కమ్ముకొచ్చాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య... మా కాళ్ల కింద ఎవరో తిరిగి కొడుతున్నారు.

వైర్‌లెస్ గరగరలాడింది.

"లౌస్ట్... ఎక్కడున్నావు?"

తోగర్ గొంతు. బావ బదులిచ్చాడు. అలవాటు కదా, తప్పు చోటు చెప్పాడు.

గరగర మళ్లీ మొదలైంది. తర్వాత...

"అక్కడ చూశాం. నువ్వు లేవు."

ఇంకో చోటు చెప్పాడు. అక్కడా లేవన్నారు. ఈసారి గొంతు వైర్‌లెస్‌లోంచి రాలేదు. పడవ అడుగు పలకల కిందనుంచి వచ్చింది.

"నిజం చెప్పెయ్ బావా," అంటూ ప్రార్థన మొదలుపెట్టాను.

బావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇక్కడే ఉన్నాను."

"తెలుసు."

సుత్తి ఆగింది. క్యాబిన్ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డ నేను ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బావ లేడు. బావ కుర్చీ నిండా తడి ఇసుక... మనిషి కూర్చున్న ఆకారంలో.

ఆ తర్వాత పొగమంచు దిగిన ప్రతిసారీ వైర్‌లెస్‌లో లౌస్ట్ గొంతు వినబడేది. తానున్న చోటు చెప్పేవాడు. ప్రతిసారీ వేరే చోటు, అన్నీ తప్పే. చివరికి అసలు చోటు గున్వర్ వదినకు నేనే చెప్పాను; ఆమె నా పడవెక్కి రిసీవర్ అందుకుంది. కంట తడి లేదు.

"సముద్రం మీంచి చూస్తే చర్చి గోపురం దీపస్తంభం వెనక దాగే చోట, గొట్టం కింద. నీ చోటు అదీ లౌస్ట్. నా మొగుడి కాళ్ల దగ్గర పడుకో."

గొంతు ఆగిపోయింది.

మొన్న చలికాలంలో వదిన ప్రభువు దగ్గరకు వెళ్లింది. నిన్న పొగమంచు దిగింది. లౌస్ట్ మళ్లీ చోటు చెప్పాడు. పటం మీద గుర్తు పెట్టాను. నీళ్ల మీద పడలేదు, నేల మీద పడింది.

ఈ మందిరం మీద.

అందుకే పిలిచాను. వదిన చేసిన ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఎవరికి బావ గొంతు వినబడినా, అతని చోటు అతనికి చెప్పి పంపండి. తలుపు వైపు చూడకండి. బయట పొగమంచుతో మసకబారుతోంది... నాతో పాటు అనండి: చర్చి గోపురం దీపస్తంభం వెనక దాగే చోట...