పదిహేడో నంబరు గడియ

సరస్సు ఒడ్డున ఉన్న ఆ భవనంలో మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. ఒకప్పుడది హోటలు. మూతబడ్డాక, రెండేసి గదుల మధ్య గోడలు కొట్టేసి ఇళ్లుగా అమ్మారు. తలుపుల మీది ఇత్తడి అంకెలు మాత్రం అలాగే ఉండిపోయాయి. పదిహేడో నంబరును ఎవరూ కొనలేదు. పగలు అందరూ దాని బాల్కనీలో బట్టలారేసుకునేవారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి దానికి బయటి నుంచి గడియ పడాల్సిందే.

ఆ గడియ వేసేది కాపలా ముసలాయన. హోటలు రోజుల్లో ట్రేలు మోసినవాడు కాబట్టి అందరికీ బేరర్ తాత. పదిహేడో నంబరు కథ చెప్పేదీ ఆయనే. ఎవరో ఒకావిడ లోపల చిక్కుకుని, రాత్రంతా తలుపు కొట్టి కొట్టి ప్రాణం విడిచిందట.

నిజానికి ఆవిడ చిక్కుకున్నది అరగంట. తాళం మొరాయిస్తే తాతే తీశాడు. ఆవిడ నవ్వుతూ దిగివచ్చి, టీ తాగి, తన దారిన వెళ్లిపోయింది. కానీ అరగంట కథను వినేవాళ్లెవరు? మొదటి ఏడాది ఆవిడకు స్పృహ తప్పించాడు. మరుసటి ఏడాది చంపేశాడు. కిందటి నెల మూడో అంతస్తులో కొత్తగా దిగిన దంపతుల కళ్లు పెద్దవవుతుంటే ముచ్చటేసి, ఇంకో ముక్క కలిపాడు.

"మనవాళ్ల గొంతుతోనే పిలుస్తుందమ్మా... పలికారో, అంతే."

ఆ ఇంటి అత్తగారు మాత్రం బెదరలేదు. చచ్చాక కూడా నీ హోటల్లోనే పడి ఉండాలంటే దానికెంత ఖర్మయ్యా అని ఎగతాళి చేసి, తన ఉబ్బసానికి గాలి మంచిదని రోజూ ఆ బాల్కనీలోనే కూర్చుని సరస్సును చూసేది.

ఒక రాత్రి అన్నం దగ్గర ఆవిడకూ కోడలికీ మాటా మాటా పెరిగింది. కూతురింటికి పోతున్నానని చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఆ ఇల్లు నాలుగు వీధుల అవతలే. కొడుకు ఆపలేదు.

తొమ్మిది కాగానే తాత గడియ వేశాడు. లోపలికి తొంగిచూడలేదు — చూడకూడదని ఆయన కథలోనే ఉంది.

గాలి బాగా చల్లబడ్డాక మొదలైంది. టక్... టక్ టక్...

మెట్ల కింద కుర్చీలో తాత నిటారుగా కూర్చున్నాడు. ఆ గదిలో ఎవరూ చావలేదు. ఆ సంగతి తెలిసినవాడు తానొక్కడే. కాబట్టి ఆ చప్పుడు బతికున్న మనిషిదే అయి ఉండాలి... అంతవరకూ బుద్ధి చెప్పింది. కాళ్లే లేవలేదు. ఇన్నేళ్లుగా ఇతరులను భయపెట్టిన మాటలన్నీ ఆ రాత్రి మెట్టుకొకటిగా కూర్చుని ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి.

పైన ఒక్కొక్క ఇంట్లో దీపం ఆరింది.

"చిన్నోడా..."

సన్నగా... కాసేపటికి మళ్లీ. మూడింటికి ఆగిపోయింది.

తెల్లవారాక కొడుకు ఫోను పట్టుకుని కిందికి దిగాడు. అమ్మ అక్కయ్య ఇంటికి వెళ్లనేలేదట.

"రాత్రి నన్ను పిలిచింది తాతా," అన్నాడు గొంతు తగ్గించి. "అచ్చం అమ్మ గొంతే. లేవబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. నువ్వే చెప్పావుగా... పలకొద్దని."

ఇద్దరూ పైకెక్కారు. గడియ తీయడానికి ఒక్క క్షణం పట్టింది.

తలుపు బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది. అవతల ఏదో బరువు దానికి ఆనుకుని ఉంది.

"అమ్మా..." అన్నాడు కొడుకు ఆ సందులోంచి.

ఎవరూ పలకలేదు.