ఐదో మెట్టు మీద వేలు

వీణ మళ్లీ మోగింది.

ముందుగదిలోంచి ఒకే ఒక్క చప్పుడు. గాజుగిన్నె అంచుకు గోరు తగిలినంత సన్నగా. పొయ్యి ముందు కూర్చుని చాయ కలుపుతున్న భాగీరథి ఆగింది. తెల్లవారినప్పటి నుంచీ ఇదే వరస. కాసేపు నిశ్శబ్దం, మళ్లీ అదే చప్పుడు.

"విన్నవా? నాయిన ఇంకా నిన్నే చూపెడుతున్నడు." మాణిక్ వంటింటి గడపలో నిలబడి ఉన్నాడు. "మీ అన్న బస్సు దిగంగనే బట్టలు సర్దుకొని నీ తల్లిగారింటికి న్యాల్‌కల్ పో. పోలీసులకు చెప్పాల్నా వద్దా, తర్వాత చూస్త."

భర్త ముఖంలోకి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు. చాయ పొంగి పొయ్యిలో పడ్డా చెయ్యి కదల్లేదు.

వారం కింద మామ రేవణసిద్ధప్ప ఇంటి వెనక అల్లం గోదాములో కుప్పకూలిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. మాట లేదు. ఏం అడిగినా అన్నిటికీ ఒకే తీరుగా తల ఊపుతాడు. దవాఖానలో డాక్టరు ఆయన రోజూ మింగే గోలీల డబ్బా తెప్పించుకుని, ఒకటి చిదిమి వాసన చూశాడు.

"ఇవి బీపీ గోలీలు కావు. ఎవరో మార్చిన్రు," అన్నాడు.

గూట్లోంచి డబ్బా తీసి, పొద్దున్నే మామ అరచేతిలో గోలీ పెట్టేది భాగీరథి. పైగా పోయిన నెలలోనే ఆమె వేరు కాపురం పెడతామని అడిగింది, మామ వద్దన్నాడు. అత్త శరణమ్మకు ఆ రెండు ముక్కలు చాలు. కోడలే గోలీలు మార్చిందని వాడకట్టంతా తెలిసేలా వాకిట్లో నిలబడి అరిచింది.

అయినా మాణిక్ మొదట నమ్మలేదు. అతన్ని నమ్మించింది వీణ.

రేవణసిద్ధప్ప పగలంతా అల్లం బేరం చేసినా, పొద్దూ మాపూ వీణ ముట్టనిదే అన్నం ముట్టేవాడు కాదు. ఇంట్లోవాళ్లను నోటితో పిలిచే అలవాటే లేదు, వీణ మీద ఒక స్వరం మీటి పిలిచేవాడు. కొడుకుది పంచమం. కోడలు కాపురానికి వచ్చిన రోజున వీణ ఐదో మెట్టు పక్కన చెక్క మీద కుంకుమ బొట్టు పెట్టి, "ఇది నీ జాగ, బిడ్డా. మధ్యమం. ఇది మోగితే నాకు చాయ తేవాలె," అని నవ్వాడు. మరి అత్తమ్మకు ఏ స్వరమని భాగీరథి అడిగితే, "ఆమెకు పిలుపెందుకు? పిలువకముందే వచ్చి తిడ్తది," అన్నాడు.

దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక, మనసుకు కాస్త ఊరటగా ఉంటుందని మాణిక్ ఆ వీణను తండ్రి పరుపు పక్కనే పెట్టాడు. నిన్న సాయంత్రం ముసలాయన ఎడమచెయ్యి మెల్లగా ఈడ్చుకుంటూ కదిలింది. చిటికెనవేలు తిన్నగా పోయి కుంకుమ బొట్టు దగ్గర తీగ మీద ఆగింది. అదే చేతి బొటనవేలు తీగను మీటింది.

"ఇంకేం గావాలెరా?" గడప అవతల నుంచే అంది శరణమ్మ. "నోరు వోయినా దేవుడు వేలిచ్చిండు."

అప్పటి నుంచీ ఆ చప్పుడు విన్నప్పుడల్లా భాగీరథికి ఒకటే ఆలోచన. తను ఇచ్చిన గోలీలే. తనకు తెలియకుండా తనే మామను చంపబోయిందా?

అన్న బస్వరాజ్ వచ్చాడు. చెల్లెలి ముఖం చూసి చేతిసంచి కింద పడేశాడు.

"బావా, మా భాగీ మందు పెట్టేదే అయితే మొదలు నీకు పెడుతుండె, నీ నోటికి. ఆ పెద్దమనిషికి ఎందుకు పెడ్తది?"

"నన్ను కాదు, మా నాయినను అడుగు. వేలు ఏడ పెడ్తున్నడో నువ్వే చూడు."

"పోత అన్నా," అంది భాగీరథి. "జర మామకు మొక్కి వస్త."

ముందుగదిలోకి అడుగుపెట్టింది. నిన్నటి నుంచి ఆమెను ఈ గదిలోకి రానివ్వలేదు. మామ కాళ్లకు మొక్కి, పక్కన కూర్చుంది. ఆయన కళ్లు ఆమె మీద లేవు. ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూస్తున్నాయి. వేలు తీగ మీద ఆనింది. వీణ మోగింది.

ఇంత దగ్గరగా వినడం ఇదే మొదలు. భాగీరథి చెవి తీగ దగ్గరికి వంచింది.

నాలుగేళ్లుగా తనను పిలిచిన మధ్యమం తెలియదా తనకు? అది నిండుగా, బరువుగా ఉంటుంది. ఇది గుడిలో చిన్న గంటలా ఎక్కడో పైన మోగుతోంది.

తన వేలు కుంకుమ బొట్టు దగ్గర పెట్టి, తీగను మెట్టుకు గట్టిగా నొక్కి మీటింది. మధ్యమం. తన పిలుపు. మామ ఆ వేలు పట్టుకుని పైకి లేపాడు. తీగకు ఊరికే ఆనేంత దాకా, అంతే. మళ్లీ మీటింది.

గంట మోగింది.

"ఏమండీ," అంది, వెనకే వచ్చి నిలబడ్డ మాణిక్‌తో. "ఇది నా స్వరం కాదు."

"వేలు నీ బొట్టు మీదనే ఉన్నది కదా."

"వేలు చూడకున్రి. వినున్రి. నొక్కితేనే మధ్యమం. ఊరికే తాకితే పై షడ్జమం పలుకుతున్నది."

మాణిక్ వంగి తనే నొక్కి చూశాడు, తాకి చూశాడు. రెండుసార్లు. అతని ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "షడ్జమం ఇంట్ల ఎవ్వరికీ లేదు కదా. మరి ఎవల్ని..."

అతను తలుపు వైపు చూస్తున్నాడు.

గడప అవతల శరణమ్మ తల మీద కొంగు కప్పుకుని నిలబడి ఉంది. కొత్తకోడలిలా, తల వంచుకుని. కొంగు ఎప్పుడు కప్పుకుందో ఆమెకే తెలిసినట్టు లేదు.

"అమ్మా?"

శరణమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "మా అత్త ఉన్నన్నాళ్లు నన్ను పేరు పెట్టి పిలిచేటందుకు లేకుండె. గీ మనిషి తీగను తాకీ తాకనట్టు పట్టి గట్ల మోగిస్తుండె. ఇంట్లోళ్లకు ఏదో శృతి చేస్తున్నట్టుండేది. నాకొక్కదానికే ఎరుక. పెరట్లకు రమ్మని."

"నిన్నటి సంది పిలుస్తుంటే మరి ఎందుకు రాలేదు అత్తమ్మా?"

అడిగేసింది గానీ, జవాబు వినాలంటే భాగీరథికి భయమేసింది.

"ఆ బీపీ గోలీలు తిన్నకాడికెల్లి కండ్లు తిరుగుతున్నయనె. మనిషి సగమైండు. వద్దంటే వినడు, డాక్టర్ మాటే మాట. కోహీర్ మందులాయన నెత్తురు పెరుగుతదని తెల్ల గోలీలు ఇచ్చిండు. అచ్చం గట్లనే ఉండె." శరణమ్మ గోడకు ఆనుకుంది. "ఆ పొద్దు గోదాముల, మళ్ల నింపుతున్న డబ్బ నా చేతిల ఉండంగ చూసిండు. ఏందని అడగబోయి పడ్డడు."

"మరి నా మీదెందుకు..."

"భయమైంది, భాగీ. మొగన్ని సంపుకున్నదంటరని."

భాగీరథి ఇంకేదో అనబోయింది. అప్పుడే వీణ మోగింది. మీటిన చెయ్యి పరుపు అంచుకు జారి, వెల్లకిలా తెరుచుకుని, తలుపు వైపు ఆగింది. ఎవరినీ పట్టించే చెయ్యిలా లేదు అది.

ఆమె లేచి, గడప దాటి, అత్త మణికట్టు పట్టుకుంది. తనకు రాత్రంతా కొట్టుకున్నట్టే అక్కడా నాడి కొట్టుకుంటోంది. తీసుకొచ్చి మామ పక్కన కూర్చోబెట్టింది. ముసలాయన వేళ్లు పెళ్లాం చేతి మీద మూసుకున్నాయి.

బస్వరాజ్ తలుపు దగ్గరి నుంచి కదల్లేదు. వాకిట్లో వాడకట్టువాళ్లు నలుగురు చేరారు. "పెద్దమ్మా, మా చెల్లె పేరు వాకిట్ల నిలవడి చెప్పిన్రంట. ఇప్పుడు చెప్పేది కూడా వాళ్లకు వినవడాలె."

శరణమ్మ మొగుడి చెయ్యి విడవకుండానే వాకిలి వైపు తిరిగింది. తల మీది కొంగు తీసేసింది.

"నా కోడలు కాదు," అంది, వీధి దాకా వినిపించేలా. "గోలీలు మార్చింది శరణమ్మ."