తాళం వేసిన మంచుకొట్టు

ఆ మధ్యాహ్నం హెస్టర్ ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని కోబుక్ నది ఒడ్డున వల చిక్కులు తీస్తూ, మరిది ఎల్వుడ్ ఇంటివైపే ఓ కన్నేసి ఉంచింది. తన పెరట్లో భూమిలోకి తవ్విన మంచుకొట్టులోంచి రోజుకో చేప మాయమవుతోంది. కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుందని చలికాలం తిండంతా అందులోనే దాస్తారు. ఈసారి దాచినవే ముప్ఫై చేపలు. అవీ పోతే తనూ, నాలుగేళ్ల మనవరాలు నౌయాకూ పస్తే. కొత్త తాళం వేసినా దొంగ ఆగలేదు. ఎల్వుడ్ తిండిపోతని ఊరంతా ఎరుగును. పైకి మాత్రం ఆమె తన అనుమానం ఎవరితోనూ అనలేదు.

నదికీ మాయరోగమే వచ్చింది. ఎగువన కరిగిన నేలలోంచి ఇనుము దిగి నీళ్లు తుప్పురంగుకు తిరిగాయి. ఆ తుప్పు సముద్రందాకా పోతోందట. చేపలు పలచబడ్డాయి. అందుకే హెస్టర్ ఆ ఏడు పడ్డ మొదటి చేపను ఆనవాయితీగా మనవరాలికి పెట్టకుండా నేరుగా కొట్టులో వేసింది. ఆ పిల్లకు చనిపోయిన అత్తగారి పేరు పెట్టారు. పేరున్న పిల్ల తింటేనే పోయినావిడకు అందుతుందని వాళ్ల నమ్మకం. ఎల్వుడ్ అయితే పిల్లను అమ్మా అనే పిలుస్తాడు.

"మా అమ్మ కడుపు మాడుస్తున్నావు వదినా," అని రెండుసార్లు దెప్పాడు కూడా. తిన్నది తను, నీతులు నాకా అనుకుని హెస్టర్ మండిపడింది.

ఆధారం చేతికి దొరికితే అక్కడికక్కడే కడిగేద్దామని, నిచ్చెన పట్టుకునే వంకతో అతన్ని పిలిచింది. తాళం చెక్కుచెదరలేదు. తీసి, లాంతరుతో కిందికి దిగింది.

గోడలకు చెమట పట్టింది. తడి ఇనుము వాసన. ఎక్కడో చుక్క... చుక్క...

వెనక గోడలో మనిషి దూరేంత కన్నం. దాని కింద చేపముళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. తలలన్నీ నదివైపే. అత్తగారు తప్ప ఊళ్లో ఎవరూ అలా పేర్చేవారు కాదు... కన్నం శ్మశానం వైపు పోతోంది.

"ఎల్వుడ్," అంది గొంతు తగ్గించి. "శ్మశానం గట్టు విరిగినప్పుడు అత్తయ్య శవపెట్టె వేరేచోటికి మార్చింది నువ్వేగా?"

పైన అతను పట్టుకున్న నిచ్చెన కిర్రుమంది.

"తేలిగ్గా ఉంది వదినా... తెరిచి చూడలేదు."

చేతికందిన చేపతో హెస్టర్ పైకి ఎగబాకింది. దాన్ని ఉడికించి, నిద్రపోతున్న పిల్లను లేపి ముందు పెట్టింది. ఆలస్యమైంది, తప్పయిపోయిందని చెప్పుకుంది. పొద్దున్నుంచీ ఆ పిల్ల గడప దాటలేదు.

నౌయాక్ పళ్లెం పక్కకి జరిపింది.

"నాకు చాల్లే హెస్టర్. ఇది నా కొడుక్కి పెట్టు. ఊరికే వాణ్ణి దొంగనుకున్నావు."

పిల్ల మూతి చుట్టూ తుప్పురంగు మరక ఎండిపోయి ఉంది.