డెబ్బై ఒకటి మోడల్ కిక్కు

మోటారు సైకిళ్ల విషయంలో అతని మాటకు తిరుగులేదు. పాత బండి ఏదైనా సరే, చుట్టూ ఒకసారి తిరిగి, టాంకు మీద చెయ్యి వేసి, ఇది ఫలానా ఏడాది మోడల్ అని చెప్పేసేవాడు. కాగితాలు తప్పు చెప్పొచ్చు గానీ అతను తప్పు చెప్పడని పేరు. అందుకే అందరూ అతన్ని పంచాంగం అనేవారు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడు భార్య కూడా ఫోన్లో "పంచాంగం గారింటి నుంచి" అనే మొదలుపెడుతుంది.

అరవై రెండేళ్లొచ్చాయి. మొండికేసిన బళ్లను నలభై ఏళ్లపాటు కిక్కు కొట్టీ కొట్టీ కుడి మోకాలు అరిగిపోయింది. మెట్లెక్కితే లోపల ఎండుటాకులు నలిగినట్టు చప్పుడు. డాక్టరు మోకాలు మార్చాలన్నాడు. "ఏ మోడల్ది వేస్తారు?" అని అడిగాడు పంచాంగం. డాక్టరుకు నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే పంచాంగానికీ ఈమధ్య నవ్వు రావడం మానేసింది. పొద్దున కళ్లు తెరిచేసరికే ఒళ్లు హూనమై ఉంటుంది, రాత్రంతా ఎవరో చాకిరీ చేయించుకున్నట్టు.

పాత బండొకటి చూసి పెట్టమని టైలరమ్మ దగ్గర్నుంచి కబురొచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు మోకాలన్నాడు. రెండో రోజు వానన్నాడు. మూడో రోజు భార్య అతని మొహంలోకి చూసి "ఆ ఇంటికెళ్లాలంటే మీకెందుకంత బెంగ?" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది అతనికి. మారు మాట్లాడకుండా పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు.

ముసురు పట్టి ఉంది. మూడు గంటలకే వీధి లైట్లు వెలిగాయి, వెలిగిన అరగంటకే కరెంటు పోయింది. టైలరమ్మ ఇల్లు వీధి చివర, ఎత్తైన గోడ, రేకు గేటు. గేటు దగ్గర అతను పిలిస్తే వెంటనే తీయలేదు. "ఎవరు?" అంది లోపల్నుంచి. చెప్పాడు. "మళ్లీ చెప్పండి" అంది. మళ్లీ చెప్పాక గానీ గడియ చప్పుడు కాలేదు.

"ఏమనుకోకండి అన్నయ్యా" అంది. యాభై దాటిన మనిషి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది. కళ్ల కింద నలుపు చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

ఆవిడ భర్త సర్వేయరు. పందొమ్మిదేళ్ల కిందట, ఇలాంటి ముసురులోనే, వాగవతల భూమి కొలవాలని బండి మీద వెళ్లాడు. తిరిగి రాలేదు. బండీ దొరకలేదు, మనిషీ దొరకలేదు. వరదకు పోయాడన్నారు కొందరు. ఇంకెక్కడో ఇంకో సంసారం పెట్టాడన్నారు ఇంకొందరు. నోళ్లకు తాళాలుండవు కదా. ఆవిడ మాత్రం బట్టలు కుట్టుకుంటూ ఎదురుచూసింది. పోయిన నెల వాగు మీద కొత్త వంతెన స్తంభాలకని తవ్వుతుంటే ఇసుకలోంచి ఒక మోటారు సైకిలు బయటపడింది. నంబరు పలక లేదు. ఇంజిన్ నంబరును తుప్పు తినేసింది. మనిషి జాడ లేదు. పోలీసులు దాన్ని తెచ్చి "మీదేనేమో చూసుకోండి" అని ఈవిడ పెరట్లో పడేసి పోయారు.

పెరటి షెడ్డులో ఉందది. తలుపు తీయగానే తడి ఇసుక వాసన వేసింది. దాని వెనకే ఇంకో వాసన. పెట్రోలు. పందొమ్మిదేళ్లు ఇసుకలో ఉన్న బండి టాంకులో పెట్రోలు ఎక్కడిది? పంచాంగం ముక్కు తుడుచుకున్నాడు.

"ఆ పోలీసుల్లో ఒకాయనకు బళ్ల సంగతి కొంచెం తెలుసట" అంది టైలరమ్మ. "మా కాగితాల్లో అరవై మూడు మోడల్ అని ఉంది. ఈ కిక్కు రాడ్డు చూస్తే అరవై మూడుది కాదన్నాడు. తేల్చాలంటే మిమ్మల్నే అడగమన్నాడు."

"బండిని ఏం చేస్తారమ్మా?"

"నాకు బండెందుకు? ఒక్క మాట కావాలి. ఇది ఆయనదా, కాదా?"

పంచాంగం టార్చి వెలిగించాడు. ఆవిడ వెళ్లలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"ఇది వచ్చిన రోజు నుంచి... రోజూ సాయంత్రం నాలుగు దాటాక గేటు బయట ఎవరో కిక్కు కొడుతున్నారు."

అతను టార్చి ఆవిడ వైపు తిప్పాడు.

"స్టార్టవదు. కొడతారు... కొడతారు... తర్వాత గేటు తడతారు. నన్ను పేరు పెట్టి పిలుస్తారు. ఆ పేరుతో ఆయన తప్ప ఎవరూ పిలవరు అన్నయ్యా."

"తీశారా?"

"లేదు. మనిషి బతికి ఉంటే తీయాలి. పోయి ఉంటే తీయకూడదు. నాకేం తెలుసు చెప్పండి? ఈ బండి ఆయనదైతే ఆయన ఆ వాగులోనే పోయారు. ఇంక ఎవరు పిలిచినా తీయను. ఆయనది కాదంటే..." ఆవిడ మాట ఆపి, మెడలోని టేపును వేలికి చుట్టుకుంది. "ఇన్నేళ్లకు ఇంటికొచ్చిన మనిషిని వానలో ఎన్ని రోజులు నిలబెట్టను?"

టీ పెడతానని లోపలికి వెళుతూ వెనక్కి తిరిగింది. "నేను కుట్టిన గుండీని పదేళ్ల తర్వాత చూసినా ఇది నా చేతిదని చెప్పేస్తాను. ఆయన బండి మీ షాపుకే తెచ్చేవారు. మీ చేతి పని మీకు తెలియకపోదు."

ఒంటరిగా మిగిలాక పంచాంగం గోనెసంచీ పరుచుకుని బండి పక్కన కూలబడ్డాడు. చూడాల్సినంత చూశాడు. స్పీడోమీటరు హెడ్‌లైటు గిన్నెలోనే ఉంది. టాంకుకు రెండు పక్కలా మోకాళ్లు ఆనించే రబ్బర్లు బిగించే చిల్లులు. పనిముట్ల డబ్బాకు గుండ్రటి మూల. అన్నీ అరవై మూడే అంటున్నాయి. ఒక్క కిక్కు తప్ప. అరవై మూడులో కిక్కు పొట్టిగా, తిన్నగా ఉంటుంది. ఇది పొడుగ్గా, మెడ వంచినట్టు ఉంది. పాదం పెట్టేచోట మడత పడుతుంది. డెబ్బై ఒకటిలో వచ్చిన రకం.

కిక్కు మెడ దగ్గర బోల్టుకు కిరసనాయిలు పోశాడు. కాసేపు ఆగి పానా వేశాడు. తుప్పు పట్టిన బోల్టు ఊరికే ఊడి వచ్చింది, నిన్ననే నూనె పెట్టి బిగించినట్టు. కిక్కు రాడ్డును షాఫ్టు మీద నుంచి లాగాడు. పళ్ల మధ్యలోంచి చిన్న ఇత్తడి ముక్క జారి గోనెసంచీ మీద పడింది. పచ్చగా చిలుము పట్టి ఉంది. బొటనవేలితో రుద్దాడు. "రి" అన్న అక్షరంలో సగం కనిపించింది.

అతని షాపు పాత బోర్డులోని "రిపేర్లు" అన్న మాటలో ముక్క అది. తన కత్తెరతో తనే కత్తిరించాడు.

పందొమ్మిదేళ్ల కిందట ఆ మధ్యాహ్నం సర్వేయరు వంగిపోయిన కిక్కుతో వచ్చాడు. తొందరలో ఉన్నాడు. షాపులో ఉన్నది డెబ్బై ఒకటి మోడల్ కిక్కు ఒక్కటే. షాఫ్టు పళ్లకు దాని పళ్లు కుదరలేదు. సందులో ఇత్తడి రేకు దోపి బిగించాడు. పొడిలో బాగానే పట్టుకుంటుంది, తడిస్తే జారుతుంది. "దారిలో ఎక్కడా బండి ఆపకండి, ఈ వానలో ఆగితే కిక్కు పని చెయ్యదు" అని ఒక్క ముక్క చెప్పాలి. చెప్పలేదు. పంచాంగం కూడా అతుకులు వేస్తాడని ఊళ్లో తెలిస్తే పరువేం కాను? "లక్షణంగా ఉంది, వెళ్లి రండి" అన్నాడు. వాగు మధ్యలో నీళ్లు మోకాలి దాకా వచ్చి ఇంజిన్ ఆగి ఉంటుంది. ఆ మనిషి కిక్కు కొట్టి ఉంటాడు. జారి ఉంటుంది. మళ్లీ కొట్టి ఉంటాడు. పందొమ్మిదేళ్లుగా పంచాంగం నిద్రలో చేసే చాకిరీ ఇదే. ఆ కిక్కు చప్పుడు వినడం.

టీ గ్లాసుతో అడుగుల చప్పుడు దగ్గరైంది. అతను ఇత్తడి ముక్కను జేబులో వేసుకున్నాడు.

"తేలిందా అన్నయ్యా?"

నిజం చెప్పాలనే నోరు తెరిచాడు. ఆ సంగతి దేవుడికి తెలుసు. కానీ నిజం చెబితే దాని వెనకే ఇత్తడి ముక్క కూడా బయటికి రావాలి. నలభై ఏళ్ల పేరు ఒక పక్క, ఈవిడ ప్రశ్న ఒక పక్క. అలిసిపోయిన మనిషికి అబద్ధమే దగ్గరి దారి.

"టాంకు మారుస్తారమ్మా, లైటు మారుస్తారు. కిక్కు ఎవడూ మార్చడు. కిక్కు చెప్పిందే లెక్క. ఇది డెబ్బై ఒకటి మోడల్. మీ ఆయన బండి కాదు."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. ఏడవలేదు. నవ్వలేదు. బరువైన బుట్ట దించుకున్న మనిషిలా భుజాలు కిందికి వదిలింది. "అయితే ఉన్నారన్నమాట" అంది.

అప్పుడే వినబడింది.

గేటు బయట... కిర్ర్ర్... టక్.

షాఫ్టు మీద పళ్లు జారిన చప్పుడు. అది ఏ చప్పుడో ఈ లోకంలో పంచాంగం కంటే బాగా తెలిసినవాడు లేడు.

కిర్ర్ర్... టక్.

"వచ్చారు" అంది గుసగుసగా. గోడకున్న గొడుగు తీసుకుంది.

"ఆగమ్మా..."

అతను లేవబోయాడు. మోకాలు లేవనివ్వలేదు. బండి హాండిలు పట్టుకున్నాడు. చల్లగా ఉంది. తడిగా ఉంది. హాండిలు రబ్బరు లోపల్నుంచి ఇసుక నీళ్లు ఊరి అతని ముంజేతి మీదుగా కారాయి.

గేటు తట్టారు. మూడు సార్లు, మెల్లగా. ఆ తర్వాత ఎవరో ఒక పేరు పిలిచారు. ఆడపిల్లను ముద్దుగా పిలిచే పొట్టి పేరు. గొంతులో కోపం లేదు, ఆత్రం లేదు. పొద్దంతా పని చేసి ఇంటికొచ్చినవాడి గొంతు.

"తీయొద్దమ్మా!" అని అరిచాననుకున్నాడు పంచాంగం. ఆ అరుపు వాన చప్పుడులో అతనికే వినబడలేదు.

గడియ తీసిన చప్పుడు.

వాన.

చాలాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు...

ఆవిడ షెడ్డు గుమ్మం దగ్గరికి తిరిగొచ్చింది. గొడుగు ముడిచే ఉంది. వెనకాల ధారగా కురుస్తోంది. ఆవిడ చీర మీద, జుట్టు మీద చుక్క తడి లేదు.

"అన్నయ్యా" అంది చెయ్యి చాచి. "మీ జేబులో ఉన్నది ఇవ్వమంటున్నారు."

అతను ఏడ్చేశాడు. అరవై రెండేళ్ల మనిషి, గోనెసంచీ మీద కూర్చుని, పసివాడిలా ఏడ్చాడు. "ఆ బండి ఆయనదేనమ్మా. నేను అబద్ధమాడాను. ఆయన పోయారు. నా అతుకు వల్లే పోయారు. బయట ఉన్నది ఎవరో... ఏమిటో... గేటు వేసెయ్యమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"ముందే చెప్పాల్సింది అన్నయ్యా" అంది. తిట్టలేదు. తిట్టే ఓపిక కూడా లేని గొంతు. "తీసేశాను కదా."

చాచిన చెయ్యి అలాగే ఉంది. అతను ఇత్తడి ముక్క తీసి ఆ అరచేతిలో పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు. ఆవిడ వేళ్లు మూసింది.

"వెనక ఎక్కమంటున్నారు. పందొమ్మిదేళ్లు ఆ గేటు దగ్గర నిలబడి నిలబడి కాళ్లు పడిపోయాయి. కాసేపు కూర్చుంటాను."

వెళ్లిపోయింది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

ఈసారి ఒక్క కిక్కే. జారలేదు. బయట ఇంజిన్ అందుకుంది. నిండుగా, నింపాదిగా, ఒక్కో దెబ్బ లెక్కపెట్టుకోవచ్చు. ఆ చప్పుడు చాలు అతనికి. అరవై మూడు మోడల్. తిరుగులేదు. కళ్లెదురుగా తుప్పు పట్టి, కిక్కు ఊడి, ఇసుకతో బిగుసుకుపోయిన అరవై మూడు మోడల్ కదలకుండా పడి ఉంది.

గోడ పట్టుకుని లేచాడు. కాలు ఈడ్చుకుంటూ పెరడు దాటాడు, గేటు దాటాడు. వీధిలో ఎవరూ లేరు. మనిషి లేడు, బండి లేదు. చప్పుడు మాత్రం దూరంగా, మలుపు అవతల, పోతూ పోతూ ఉంది.

రోడ్డంతా నీళ్లు పారుతున్నాయి. ఆ నీళ్ల మధ్య, గేటు ముందు నుంచి మలుపు దాకా, టైరంత వెడల్పున ఒక పొడి గీత ఉంది. దుమ్ము కూడా తడవలేదు. రెండు పక్కలా వాన దంచుతోంది, గీత మీద ఒక్క చినుకు పడటం లేదు.

పంచాంగం ఆ గీతను చూస్తూ నిలబడ్డాడు. ఇంటికెళ్లాలనిపించింది. పడుకోవాలనిపించింది. మొహం మీద వాన నీళ్లు తుడుచుకుందామని చెయ్యెత్తాడు.

మొహం పొడిగా ఉంది. చొక్కా పొడిగా ఉంది, ఇందాక ఆవిడ చీర ఉన్నట్టే. చుట్టూ, చెయ్యి చాచినంత దూరంలో, వాన కురుస్తూనే ఉంది. అతని మీద పడటం ఎప్పుడు మానేసిందో అతనికి తెలియలేదు.