ఆదివారం గోల్ఫ్ మైదానానికి

శనివారం పొద్దున ఇమాంబీ బీరువాలోంచి రెండు చీరలు తీసి మంచం మీద పరిచింది.

“రేపు ఆకుపచ్చది కట్టుకోనా, నీలందా?”

“ఆకుపచ్చది వద్దమ్మా. ఆ గడ్డిల నువ్వు కనపడవు,” కూతురు జెబా నవ్వింది.

వ్యవసాయం చదివిన జెబాకు ఊరి అవతల, గుట్టల మధ్య చెరువు ఒడ్డున ఉన్న గోల్ఫ్ మైదానంలో పచ్చిక పెంచే ఉద్యోగం. డబ్బున్నవాళ్ల క్లబ్బు కాదది. టికెట్ కొని ఎవరైనా ఆడుకోవచ్చు, గట్టు మీది బాటలో ఊరికే నడవొచ్చు. ఆమె చేరి ఏడాది కావస్తున్నా తల్లిదండ్రులు ఇంకా చూడలేదు. ఈ ఆదివారం ఇద్దరినీ తీసుకెళ్లి చూపిస్తానంది. వారమంతా పద్మారావు నగర్‌లోని ఆ చిన్న ఇంట్లో అదే ముచ్చట.

“నా మోకాళ్లతోని అంత దూరం నడుస్తనా?”

“బ్యాటరీ బండి ఉంటదమ్మా. కూసోబెట్టి తిప్పుత.”

గడప మీద చాయ్ తాగుతున్న తండ్రి నన్నే సాహెబ్ వాళ్లవైపు చూడకుండానే అన్నాడు. “మీరిద్దరు పోయి రాండ్రి. నాకు దుకాణంల పనుంది.”

మోండా మార్కెట్ దగ్గర పరుపులు కుట్టే దుకాణం ఆయనది. ఎంత దులుపుకున్నా మీసాల్లో, చొక్కా మీద దూది పోగులు కనిపిస్తూనే ఉంటాయి.

“ఆదివారం సుత పనేనా?” ఇమాంబీ కసిరింది.

జెబా ముఖంలో నవ్వు పోయింది. “సాఫ్‌గ చెప్పు నాయినా. నీ బిడ్డను అందరు గడ్డి కోసే పిల్ల అంటున్నరని నీకు శరం.”

“నేనెప్పుడన్న బిడ్డా గా మాట?”

“అనకపోతేంది? మొన్న నేను మర్చిపోయిన టిఫిన్ డబ్బా నువ్వే తెచ్చినవ్. రెండు బస్సులు మారి వచ్చి, గేటు కాడ ఇచ్చి పోయినవ్. వాచ్‌మన్ ఎవరని అడిగితే ఇంటి పక్కాయననన్నవట. జెబా నాయినను అని చెప్పనీకి నోరు రాలేదా?”

ఇమాంబీ నివ్వెరపోయింది. భర్త అక్కడిదాకా వెళ్లిన సంగతే ఆమెకు తెలియదు.

నన్నే సాహెబ్ గ్లాసు కింద పెట్టాడు.

“అక్కడ కార్లల్ల పెద్ద పెద్దోళ్లు దిగుతున్నరు బిడ్డా. నువ్వు దూరంగ నిలబడి ఏదో చెప్తుంటే అందరు ఇంటున్నరు. నా కండ్లు నిండినయ్. అప్పుడు నన్ను నేను చూసుకున్న. నెత్తి నిండ దూది, చంకల చినిగిన చొక్కా. ఈయన బిడ్డనా అని నిన్ను తక్కువ చేస్తరేమోనని భయమైంది. నీ నౌకరితోని నాకేం శరం? నాతోని నీకు శరమైతదనుకున్న.”

జెబా ఏడాదిగా ఆయన మౌనాన్ని నామోషీ అనే అనుకుంది. వచ్చి గడప మీద ఆయన పక్కనే కూర్చుంది.

“మా నాయిన పరుపులు కుడ్తడని చేరిన రోజే అందరికి చెప్పిన. మా మేనేజర్ మేబెల్ మేడమైతే నడుం నొప్పికి మంచి పరుపు కావాలె, మీ నాయినను ఎప్పుడు తీస్కొస్తవని ఒకటే అడుగుడు. నేను చేసింది నువ్వు చూడకపోతే ఇంకెవరు చూడాలె నాయినా?” అంటూ ఆయన భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది.

నన్నే సాహెబ్ ఆమె తల నిమిరాడు. ఇమాంబీ కళ్లొత్తుకుని, “సాలు తియ్యండ్రి. ఆ తెల్ల చొక్కా ఇటియ్యి, ఇస్త్రీ చేయిస్త,” అంది.

మర్నాడు వాళ్లు చెరువు గట్టు ఎక్కేసరికి ఎండ ఇంకా ముదరలేదు. చెరువు మీద వెలుగు తళతళలాడుతోంది. పెద్ద పెద్ద రాతి గుండ్ల మధ్య నుంచి నీళ్లదాకా పచ్చిక పరుచుకుని ఉంది. బ్యాటరీ బండిలో కూర్చున్న ఇమాంబీ, “యా అల్లా, ఎంత సక్కగున్నదే!” అని బుగ్గలు నొక్కుకుంది.

జెబా వెనక్కి తిరిగి చూసింది. తండ్రి బాట చివర ఆగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

“ఇక్కడ చెప్పులతోని నడవొచ్చు నాయినా, ఏం గాదు.”

“నడవొచ్చు గానీ,” అంటూ ఆయన పచ్చిక మీద మెల్లగా పాదం మోపాడు. “నా బిడ్డ పెంచిన గడ్డి గదా. మనసొప్పుతలేదు.”

జెబా వంగి తన బూట్లు కూడా విప్పేసి, తండ్రి చేయి పట్టుకుంది.