డబ్బా మీద రెండు వేల వాట్లు

"మీ కారు డిక్కీ పెద్దదేనా?"

పెళ్లిచూపులయ్యాక ఫెయిత్ మొట్టమొదటిసారి ఫోన్ చేసి అడిగిన మాట ఇది. అంద్రెయ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, తెరమీద పేరు సరిచూసుకుని, మళ్లీ చెవికి ఆనించుకున్నాడు.

"పెద్దదేనండి. ఎందుకు?"

"శనివారం కరోల్ బాగ్ రండి, చెప్తాను. కారు తెచ్చుకోండి."

అంతే, పెట్టేసింది. మనవాడికి తల తిరిగింది.

అంద్రెయది నరసాపురం, ఉద్యోగం నోయిడాలో సాఫ్ట్‌వేర్. ఫెయిత్ పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే. తల్లి సువార్తమ్మ అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. ఫెయిత్ ఇంకో ఆసుపత్రిలో చెవులు పరీక్షించే ఆడియాలజిస్టు. సరోజినీ నగర్‌లో వాళ్ల క్వార్టర్లోనే పెళ్లిచూపులు జరిగాయి. ఆ పిల్ల నవ్వుకుంటూ ఇచ్చిన టీ సగం తాగేసరికే అంద్రెయ పని అయిపోయింది. కానీ అతని తల్లి కమలాకుమారిగారు మహా మర్యాదస్తురాలు. "ముందు అమ్మాయి మనసు కనుక్కోండి వదినగారూ, మాకేం తొందర లేదు" అని చెప్పి లేచారు. "అలాగే వదినగారూ, మీ కబురు కోసం చూస్తుంటాం" అని సువార్తమ్మగారు గుమ్మం దాకా వచ్చి సాగనంపారు.

అప్పట్నుంచీ అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇప్పుడేమో డిక్కీ సంగతి.

శనివారం కరోల్ బాగ్‌లో కార్ల సామాన్ల దుకాణం ముందు, ఎర్ర మఫ్లర్ చుట్టుకుని, కాళ్ల దగ్గర ఒక పెద్ద పెట్టె పెట్టుకుని నిలబడి ఉంది ఫెయిత్.

"ఇది మా చర్చి సబ్‌వూఫర్. మత్‌లబ్, బేస్ మాత్రమే వాయించే స్పీకర్. క్రిస్మస్ క్యారల్స్‌కి ఇంటింటికీ తిరుగుతాం కదా, డ్రమ్స్ వాయించే శివకుమార్ అన్నయ్యకి ట్రాన్స్‌ఫర్ అయింది. ఇంక రికార్డు చేసిన మ్యూజిక్ ట్రాక్ పెట్టుకునే పాడాలి. బేస్ లేకపోతే ట్రాక్ చప్పగా ఉంటుంది. స్పీకర్ ఉంది, దాన్ని నడిపే ఆంప్లిఫయర్ కావాలి. కారు కావాలి."

అంటే నేను కావాలా, నా డిక్కీ కావాలా? అంద్రెయ నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగేశాడు.

దుకాణదారు ఏ ఆంప్ చూపించినా ఫెయిత్ ఒకటే అడుగుతోంది. "భయ్యా, ఆర్‌ఎంఎస్ కిత్‌నా హై?"

"ఆర్‌ఎంఎస్ అంటే ఏంటండి?"

"నిలకడగా ఇచ్చే పవర్. ఈ స్పీకర్‌కి నూట యాభై వాట్లు నిలకడగా ఇచ్చే ఆంప్ కావాలి. రెండిటి ఓమ్స్, అంటే కరెంటుకి అడ్డుపడే లెక్క, కూడా కలవాలి. డబ్బా మీద పెద్దగా రాసేది ఒక్క క్షణం పాటు ఇచ్చే పవర్, దాన్ని నమ్మకూడదు."

"తక్కువ పవర్‌ది కొంటే సేఫ్ కదండి?"

"ఉల్టా. చిన్న ఆంప్‌ని గట్టిగా తిప్పితే సౌండ్ చిట్లిపోతుంది, స్పీకర్ లోపలి కాయిల్ కాలిపోతుంది. అర్థమైందా?"

అర్థమైందన్నట్టు తలూపాడు. ఆ సమయంలో అతను మఫ్లర్‌లోంచి జారిన జుట్టును చూస్తున్నాడు, ఇంక వాట్లు ఎక్కడ బుర్రకెక్కుతాయి? సరైన ఆంప్ ఆ రోజు దొరకలేదు. "నేను వెతుకుతాలెండి" అని పెట్టె అతని డిక్కీలో పెట్టించింది. తర్వాత పక్క బండి దగ్గర ఆలూ టిక్కీ తిన్నారు. తన ప్లేటు ఖాళీ చేసి, అడగా పెట్టకుండా అతని ప్లేట్లోంచి సగం తీసుకుంది. ఇష్టం లేనివాడి ప్లేట్లో ఎవరైనా చెయ్యి పెడతారా? ఇష్టమే అయితే ఇంతవరకూ కబురెందుకు చెయ్యలేదు? ఇంటికెళ్లే దారంతా అదే రంపపు కోత.

ఏదో ఒకటి చేసి ఆ పిల్లను మెప్పించాలనిపించింది. వారం మధ్యలో ఒక్కడే వెళ్లి, దుకాణంలో అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న ఆంప్ కొని బిగించేశాడు. డబ్బా మీద బంగారు రంగులో రెండు వేల వాట్లని రాసి ఉంది. పాపం, పప్పులో కాలేశాడని అతనికి చెప్పేవాళ్లు పక్కన లేరు.

క్యారల్స్ మొదటి ఇల్లు ఘాజియాబాద్‌లో అన్నమ్మ ఆంటీది. సాయంత్రం సన్నగా చలివాన పడుతోంది. అంద్రెయ గర్వంగా డిక్కీ తెరిచాడు. ఫెయిత్ వంగి, ఆంప్ పక్కన చిన్న అక్షరాలు చదివింది. ముఖం మాడిపోయింది.

"ఎవర్ని అడిగి కొన్నారు?"

"సర్‌ప్రైజ్ అండి. రెండు వేల వాట్లు."

"నిజంగా ఇచ్చేది వందే. ఇవాళ్టికి ఎలాగో నడిపిద్దాం, సౌండ్ మాత్రం పెంచకండి. ఠీక్ హై?"

తలూపాడు. బృందం మెట్లెక్కి పాట అందుకుంది. పైనుంచి అన్నమ్మ ఆంటీ తొంగిచూసి, "బాబూ, డ్రమ్స్ వినపళ్లేదు, కాస్త పెంచు నాన్నా" అన్నారు. పెద్దావిడ మాట ఎలా కాదంటాడు? కొంచెం తిప్పాడు. ఇంకొంచెం అన్నారు. ఇంకొంచెం తిప్పాడు. రెండో చరణంలో స్పీకర్ గరగరమంది, డిక్కీలోంచి కాలిన వాసన వచ్చింది, ఆ తర్వాత చప్పుడే లేదు. పైన వాళ్లు చప్పట్లతో పాట లాక్కొచ్చారు.

చర్చి స్పీకర్ కాల్చిన పెళ్లికొడుకుని ఎవరు చేసుకుంటారు?

మిగతావాళ్లు కేకు దగ్గర ఆగిపోయారు, ఫెయిత్ ఒక్కతే వానలో కిందికి వచ్చింది. డిక్కీలోకి వంగి వాసన చూసింది. ఆమె తలెత్తేలోపే అంద్రెయ మొదలుపెట్టాడు.

"ఫెయిత్‌గారూ, స్పీకర్ కొత్తది తెస్తాను. మీరు కాదనేది ఎలాగూ ఖాయమే, అయినా ఒక్క మాట చెప్పనివ్వండి. ఆ రోజు టీ తాగినప్పట్నుంచీ నాకు మీరంటే చాలా ఇష్టం. మీకు నచ్చాలనే ఈ వెధవ డబ్బా కొన్నాను."

ఫెయిత్ డిక్కీ మూసి అతని వైపు తిరిగింది.

"మరి ఆ మాట మాకు కబురు చెయ్యలేదేం?"

"మీ మనసు తెలిశాక మాట్లాడదామని అమ్మ అందండి. మీరేం చెప్తారా అని చూస్తున్నాం."

"అబ్బాయివాళ్ల నుంచి కబురు రాకుండా మేం ఎలా ఫోన్ చేస్తామని మమ్మీ ఆగింది. మీకు నచ్చలేదేమో అనుకున్నాం. నేను రోజూ..." ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంది. వాన చుక్కలే అయ్యుండాలి. "అరే యార్, చర్చిలో నిరంజన్ అంకుల్‌కి ఇంతకన్నా పెద్ద కారుంది. డిక్కీ కోసమే అయితే ఆయన్ని అడిగేదాన్ని కదా."

ఫెయిత్ అప్పుడే ఫోన్ తీసింది.

"మమ్మీ, వాళ్లకి ఇష్టమేనట... ఎవరు చెప్పారా? అబ్బాయే. స్పీకర్ కాల్చేసి చెప్పాడు... ఆఁ, రేపు వాళ్లమ్మగారికి నువ్వే ఫోన్ చెయ్యి, మళ్లీ వాళ్లు చేస్తారని కూర్చోకు."

ఫోన్ లోపల పెట్టి, మఫ్లర్ సర్దుకుని, "రేపు ప్రార్థన అయ్యాక కరోల్ బాగ్ వెళ్దాం. ఈసారి స్పీకరూ ఆంపూ పక్కపక్కన పెట్టుకుని చూసి కొందాం" అంది.

"అలాగేనండి. కానీ, మీరింకా మీ జవాబు చెప్పలేదు."

"మీ ప్లేట్లోంచి టిక్కీ తిన్నప్పుడే చెప్పాను కదా."

"అది నాకు అర్థం కాలేదండి."

ఫెయిత్ నవ్వి, ముందు సీటు తలుపు తీసుకుని కూర్చుంది.

"అచ్ఛా. మిమ్మల్నే చేసుకుంటాను. ఇప్పుడైనా అర్థమైందా?"

ఈసారి నిజంగానే అర్థమై తలూపాడు.