సీటు కింద దాగలి

ఊగుబల్ల మీద మూట పెట్టి మంగతాయారు మీట వదిలింది. బల్ల అటూ ఇటూ ఊగి ఆగింది. పదకొండు కిలోలు.

"వెళ్ళండి" అంది.

చంద్రుడి రేవులో ఆమె పని ఇదే. అంగారకుడికి వెళ్ళే నావ ఎక్కేవాళ్ళనూ వాళ్ళ సామాన్లనూ ఊపి, ఊగే వేగాన్ని బట్టి ద్రవ్యరాశి తేల్చాలి. సామాను మనిషికి పన్నెండు కిలోలు దాటకూడదు. మామూలు కాటాను ఆ గదిలోకి రానివ్వరు. ఏ నేల మీద నిలబెడితే ఆ నేల పాట పాడుతుందని, చంద్రుడి మీదైతే ఆరో వంతే చూపిస్తుందని దానికి చెడ్డపేరు.

తర్వాత వచ్చిన కాళికాంబ కమ్మరి పని చేస్తుంది. చువ్వలా ఉంటుంది. చంకలోని గోనెపట్టా మూటను ఒంటి చేత్తో బల్ల మీద పెట్టింది. బల్ల మొరాయించి మొరాయించి బద్ధకంగా ఊగింది.

"ముప్పై ఎనిమిది కిలోలండీ."

"నీ బల్ల పాడైనట్టుందమ్మాయ్. ఇంటి దగ్గర ఎత్తి చూసుకునే తెచ్చా."

చంద్రుడి మీద పుట్టిపెరిగిన వాళ్ళంతా చేసే పొరపాటే అది. చేత్తో ఎత్తగలిగితే చాలు, తేలికేనని మూట కట్టేస్తారు. మంగతాయారు పట్టా విప్పింది. లోపల నల్లగా నిగనిగలాడుతూ, కాల్చిన ఇనుము పెట్టి సుత్తితో కొట్టే దాగలి.

"ఇక్కడ మీ చేతికి ఆరు కిలోలంతే అనిపిస్తుంది. మరి సుత్తి దెబ్బకి కదులుతుందా?"

"కదిలితే అది దాగలెట్లా అవుద్ది?"

"నావకీ అదే బాధండీ. ఇంత మొండిదాన్ని తోసుకుపోవాలంటే ఇంధనం కావాలి. అక్కడ వస్తువులు అచ్చు పోసే యంత్రం కొత్తది చేసిస్తుందిగా."

"చేసిద్ది, డొల్లది. ఒక్క దెబ్బేస్తే ఎగిరి అవతల పడుద్ది. ఇరవై రెండేళ్ళు దీనిమీదే బతికా తల్లీ. ఇది రాకపోతే నేనూ రాను. నా చీటీ కొట్టెయ్."

ఆమె నిదానంగానే అంది. మంగతాయారుకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. అంగారకుడి మీద ఎనిమిది వందల మంది మొండి గడ్డపారలు పట్టుకుని ఈ కమ్మరి కోసమే కాచుకుని ఉన్నారు.

చీటీ రద్దు చేద్దామని తెర తెరిచింది. నావలో ఎదురెదురు సీట్ల రాశి సమానంగా ఉండాలి. కాళికాంబ నలభై ఆరు కిలోలు, ఎదుటి సీటు ఆసామి ఎనభై నాలుగు. తేడా పూడ్చడానికి ఆమె సీటు కింద చంద్రధూళిని కాల్చి పోసిన దిమ్మ పెట్టాలని తెర చెబుతోంది. ముప్పై ఎనిమిది కిలోల దిమ్మ.

మంగతాయారుకు నవ్వు ఆగలేదు.

"మట్టి దిమ్మ తీసేస్తున్నా" అంది, నావ లెక్కలు చూసే యంత్రం పొందికతో.

"దిమ్మ లేకపోతే నావ పక్కకు తిరుగుతుంది" అంది పొందిక.

"దిమ్మ ఉంది. ఇనుముది."

"ఆకారం?"

"ఒక పక్క ముక్కు ఉంటుంది."

పొందిక తన దిమ్మల జాబితా అంతా గాలించింది. అందులో ముక్కున్న దిమ్మ లేదు. రాశిలో మాత్రం తప్పు దొరకలేదు. చివరికి పచ్చదీపం వెలిగించింది. కాళికాంబ దండం పెట్టబోయి, సిగ్గుపడి, మంగతాయారు బుగ్గ పుణికింది.

వెనక వరుసలో వాళ్ళు ఇదంతా వింటూనే ఉన్నారు. ముందున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నేనూ బక్కవాణ్ణే కదా. నా సీటు కింద పెట్టేదీ మట్టేనా?"

"మట్టేనండీ. ఇరవై ఒక్క కిలోలు."

ఆయన వెనక్కి తిరిగి భార్యను పిలిచాడు. "ఒసేయ్, ఆ తిరగలి పట్టుకురా."

బక్కవాళ్ళంతా ఇళ్ళవైపు పరుగు తీశారు. లావుపాటివాళ్ళు మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు.

"వరుస సగమైంది. కారణం?" అంది పొందిక.

"దిమ్మలు తేవడానికి వెళ్ళారు. నువ్వు ఆ జాబితా కాస్త పెంచుకో" అంది మంగతాయారు, బల్ల తుడుస్తూ.